ఆరని కుండీ: 2023 బ్రిటన్ వేసవిలో ఒక కాక్టస్ గ్రీన్‌హౌస్ – కేస్ స్టడీ

బ్రిటన్‌లో కాక్టస్ చచ్చిపోయిందంటే అందరూ ముందు చలినే అనుమానిస్తారు. ఈ కేసులో కుళ్లిన ఆరు మొక్కలూ జులై, ఆగస్టుల్లోనే కుళ్లాయి. ఎండ మచ్చలు పడ్డ పదకొండూ సెప్టెంబరు మొదటి వారంలో దెబ్బతిన్నాయి. ఈ మూడు నెలల్లో గ్రీన్‌హౌస్ లోపల రాత్రి ఉష్ణోగ్రత ఒక్కసారి కూడా 5 డిగ్రీలకు దిగలేదు. అంటే దెబ్బతీసింది చలి కాదు. వానేనా అంటే, నెత్తిన గాజు కప్పు ఉంది. మరి ఏమిటన్నదే ఈ కేసు.

స్థలం దక్షిణ ఇంగ్లండ్, రెడింగ్ పరిసరాలు. ఇంటి వెనక తోటలో 6 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవున్న మామూలు అల్యూమినియం గ్రీన్‌హౌస్. పొడుగు వైపు దక్షిణానికి ఉంది. పైకప్పులో ఒక్క కిటికీ, దానికి మైనపు సిలిండరుతో తనంతట తానే తెరుచుకునే ఓపెనర్, ఒక జారుడు తలుపు. కరెంటు లేదు. రెండు అరల బల్లల మీద సుమారు 120 కుండీలు. వాటిలో 70 దాకా కాక్టస్‌లు: మామిల్లేరియా, రెబ్యూషియా, జిమ్నోకాలిసియం, ఆస్ట్రోఫైటం, ఎకినాప్సిస్. మిగతావి ఎకివేరియా, హవర్థియా, లిథాప్స్, కోనోఫైటం వంటి సక్యులెంట్లు. ఎక్కువ భాగం 9 సెం.మీ. చదరపు ప్లాస్టిక్ కుండీలు. కింది ట్రేల్లో నీళ్లు పోస్తే పైకి పీల్చుకునేలా బల్లల మీద మ్యాటింగ్, అంటే తడి పట్టి ఉంచే మందపాటి గుడ్డ, పరిచి ఉంది. ఈ మ్యాటింగ్ సంగతి తర్వాత వస్తుంది.

ఆ ఏడాది వాతావరణం

2023 జూన్ యూకే మొత్తానికి సగటున 15.8 డిగ్రీలు. 1884 నుంచి ఉన్న లెక్కల్లో అంత వెచ్చని జూన్ అంతకుముందు లేదు. పాత రికార్డు 14.9 (1940లోనూ 1976లోనూ). 15.8 అంటే మనవాళ్లకు నవ్వొస్తుంది గానీ, అది రాత్రీ పగలూ, స్కాట్లాండ్ కొండలూ అన్నీ కలిపిన సగటు. దక్షిణాన పగలు 30 తాకింది. ఆ వెంటనే జులై పూర్తిగా తిరగబడింది. మామూలు జులైకి దాదాపు 1.7 రెట్లు, యూకే సగటున 140 మి.మీ. వాన. ఆగస్టులో 5న ఆంటొనీ తుపాను, 18, 19 తేదీల్లో బెట్టీ తుపాను. వేసవి అయిపోయిందని అందరూ అనుకున్నాక సెప్టెంబరు 4 నుంచి 10 వరకు వరసగా ఏడు రోజులు దేశంలో ఎక్కడో ఒకచోట 30 దాటింది. సెప్టెంబరులో అలా ఏడు రోజులు దాటడం అదే మొదటిసారి. 10న కెంట్‌లోని ఫావర్షమ్‌లో 33.5 నమోదైంది.

ఎండ, ముసురు, మళ్లీ ఎండ. ఎడారి మొక్కకు ఇందులో ఏ ఒక్కటీ విడిగా ప్రాణాంతకం కాదు. ఒకదానికి అలవాటు పడ్డ పద్ధతిని రెండోదానిలోకి మోసుకెళ్లడమే ప్రమాదం. ఈ కేసులో అదే రెండుసార్లు జరిగింది.

కాటా చెప్పింది, క్యాలెండరు గెలిచింది

జూన్‌లో ప్రతి శనివారం నీళ్లు పోశారు. జూన్‌కు అది సరైన పద్ధతే. నాలుగు కుండీలను గుర్తుపెట్టుకుని వంటింటి డిజిటల్ కాటా మీద తూచి రాసుకున్నారు కూడా. వాటిలో ఒక ఆస్ట్రోఫైటం మిరియోస్టిగ్మా ఉన్న కుండీ పూర్తిగా ఆరినప్పుడు 520 గ్రాములు, బాగా తడిపి నీరు కారిపోయాక 640. అంటే పట్టి ఉంచుకునే నీరు 120 గ్రాములు. జూన్‌లో రోజుకు 17, 18 గ్రాములు తగ్గుతూ వచ్చింది. ఏడో రోజుకు ఆరిపోయేది, మళ్లీ శనివారం వచ్చేది.

జులై 1 శనివారం నీళ్లు పోశారు. 8న తూస్తే 598. వారంలో పోయింది 42 గ్రాములే, రోజుకు 6. ఆ లెక్కన పూర్తిగా ఆరాలంటే 20 రోజులు పట్టాలి. అయినా 8న మళ్లీ ట్రే నింపారు, 15న మళ్లీ నింపారు. అంకెలు నోటుబుక్కులో ఉన్నాయి, నిర్ణయం మాత్రం క్యాలెండరు తీసుకుంది.

నీరు ఎందుకు పోలేదంటే, కుండీలోంచి తడి బయటికి పోవడానికి రెండే దారులు: మట్టి పైభాగం నుంచి ఆవిరి కావడం, మొక్క తాగడం. జులైలో ఆ రెండు దారులూ దాదాపు మూసుకుపోయాయి. గాలిలో తేమ నిండి ఉంటే మట్టి ఆరదు. కాక్టస్ తన రంధ్రాలను రాత్రిపూట తెరిచి గాలి పీల్చుకునే మొక్క. రాత్రి 11, 12 డిగ్రీల చల్లదనం, దానికి తోడు నిండా తేమ ఉంటే అది వదిలే నీరు బహు తక్కువ. పగలు మబ్బు కాబట్టి పెరుగుదలా లేదు, వేళ్లకు పనీ లేదు. పని లేని వేరు తడి మట్టిలో, గాలి ఆడకుండా, చల్లగా పడి ఉంటే ఫైటోఫ్తోరా, ఫ్యుజేరియం లాంటి కుళ్లు తెచ్చే సూక్ష్మజీవులకు విందు.

హైదరాబాద్‌లో జులై కూడా వానే కదా, అక్కడ మేడ మీద జెముళ్లు బతకడం లేదా అని తెలుగువాళ్లు అడుగుతారు. బతుకుతాయి, ఎందుకంటే అక్కడ వాన రాత్రి కూడా 22, 23 డిగ్రీలుంటుంది. వేరు నిద్రపోదు, నీరు తాగుతూనే ఉంటుంది, మధ్యలో రెండు రోజులు తెరిపిచ్చినా కుండీ ఆరుతుంది. రెడింగ్‌లో కురిసేది సన్నటి జల్లే అయినా తడి మాత్రం కదలదు.

ఆరింటిలో నాలుగు ఒకేచోట

జులై 22న ఆ ఆస్ట్రోఫైటం మీద మొదటి లక్షణం కనిపించింది. పైకి చూస్తే పెద్ద తేడా లేదు, పక్కటెముకల తెల్లచుక్కల మెరుపు కొంచెం మాసింది, మొక్క ఒక పక్కకు ఒరిగినట్టుంది. మొదలు దగ్గర బొటనవేలితో నొక్కితే లోపలికి పోయింది. కాక్టస్ మెత్తబడిందని కంటికి తెలిసేసరికి లోపల పని సగం అయిపోయి ఉంటుంది.

కుండీలోంచి తీస్తే గ్రిట్ (సన్న రాతి పలుకులు) కలిసిన మట్టి విడిపోయింది గానీ, నడుమ ఉసిరికాయంత పాత పీట్ (బురదనేలల్లో నాచు మగ్గి తయారైన మట్టి) ముద్ద, దాని చుట్టూ సన్నటి వలసంచి బయటపడ్డాయి. నర్సరీలో మొలకను నాటిన మొదటి ముద్ద అది. గార్డెన్ సెంటర్లో కొన్నప్పుడు పై మట్టి మాత్రమే మార్చి, ఆ సంచిని అలాగే ఉంచేశారు. చుట్టూ మట్టి ఆరినా ఆ ముద్ద స్పాంజిలా తడిగానే ఉంటుంది. వేళ్లన్నీ దానిలోనే. కుళ్లినవాటిలో మూడింటికి ఇదే కథ.

కుళ్లిన ఆరింటిలో నాలుగు ఒకే చోట, పైకప్పు కిటికీకి సరిగ్గా కింద ఉన్నాయి. మైనపు ఓపెనర్‌కు వేడి తెలుసు, వాన తెలియదు. ఉక్కగా ఉండి లోపల 20 డిగ్రీలు దాటిన రోజున, బయట జల్లు పడుతున్నా అది కిటికీ తెరుస్తుంది. ఆ కింది కుండీలకు ట్రే నీళ్లకు తోడు పైనుంచి జల్లు కూడా తగిలింది. ఎవరూ ఇంట్లో లేని పగటిపూట జరిగేది కాబట్టి ఎవరికీ కనపడలేదు. తలుపు పక్కన, గాలి తగిలే చోట ఉన్న కుండీలు అవే నీళ్లు తాగి కూడా నిలబడ్డాయి.

మ్యాటింగ్ సంగతి. టమాటా నారుకు, పెలర్గోనియంకు అది బాగా పనికొస్తుంది. కాక్టస్ బల్ల మీద ముసురు రోజుల్లో అది కుండీ అడుగుకు రోజుల తరబడి తడి అందిస్తూనే ఉంటుంది. కుండీ రంధ్రాలు పొడి తలాన్ని తాకాలి. జులై 23న మ్యాటింగ్ మొత్తం పీకేశారు, బల్ల మీద జాలీ అరలు మాత్రం ఉంచారు. ఈ కేసులో అన్నిటికంటే చవకైన, అన్నిటికంటే పనికొచ్చిన మార్పు అదే.

కోత

ఆస్ట్రోఫైటం తలను కాపాడిన పద్ధతి వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడ ఒక్క కోతతో ఆపేసి రెండోసారి పోగొట్టుకుంటారు. కత్తిని స్పిరిట్‌తో తుడిచి మెత్తబడ్డ భాగానికి 1 సెం.మీ. పైన అడ్డంగా కోశారు. కోసిన ముఖం లేతాకుపచ్చగా, నడుమ నాళాల వలయం తెల్లగా ఉండాలి. ఇక్కడ కండ శుభ్రంగానే ఉంది, వలయంలో మాత్రం నారింజ రంగు చుక్కలు రెండు. కండను చూసి మోసపోకూడదు, కుళ్లు పైకి ఎక్కేది నాళాల వెంటే. మళ్లీ కత్తి తుడిచి ఇంకో 5 మి.మీ. కోశారు, ఒక చుక్క మిగిలింది. మూడో కోతకు వలయం పూర్తిగా తెల్లగా వచ్చింది. ప్రతి కోతకూ ముందు కత్తి తుడవకపోతే రోగాన్ని మనమే పైకి మోస్తాం.

అంచులను పెన్సిలు చెక్కినట్టు ఏటవాలుగా చెక్కాలి. లేకపోతే ఆరేకొద్దీ నడుమ గుంటపడి, వేళ్లు పుట్టాల్సిన వలయం గాలిలో తేలుతుంది. గంధకం పొడి అద్ది, ఇంట్లో నీడలో, ఖాళీ కుండీ అంచు మీద కోసిన ముఖం కిందికి ఉండేలా కూర్చోబెట్టారు. మూడు వారాలు నీళ్లు లేవు. తర్వాత పొడి ప్యూమిస్ (రంధ్రాలున్న తేలికపాటి అగ్నిపర్వతపు రాయి) మీద పెట్టి, అప్పుడప్పుడూ కుండీ అడుగు మాత్రం తడిపితే సెప్టెంబరు రెండో వారానికి వేళ్లు కనిపించాయి. ఆగస్టు చివర దాటాక చేసే కోత చాలావరకు వృథా. చలికాలంలోపు వేరు పట్టదు.

మట్టి

కొత్త మిశ్రమం సమపాళ్లలో మూడు భాగాలు: జాన్ ఇన్నెస్ నంబర్ 2 (బ్రిటన్‌లో సంచుల్లో దొరికే కుండీ మట్టి), 3 నుంచి 6 మి.మీ. గ్రిట్, ప్యూమిస్. 9 సెం.మీ. కుండీకి సుమారు 450 మి.లీ. పడుతుంది. 40 కుండీలకు 18 లీటర్లు, అంటే ఒక్కోటి 6 లీటర్లు. ప్యూమిస్ ఖరీదనుకుంటే మోలర్ క్లే వాడొచ్చు. సూపర్‌మార్కెట్‌లో పిల్లుల ట్రేలో పోసే సరుకుగా అమ్ముతారు, ఇక్కడి పెంపకందారుల్లో చాలామంది పిల్లి లేకుండానే కొంటారు. తడిస్తే గడ్డకట్టే రకం మాత్రం పనికిరాదు. గుప్పెడు గింజలు గ్లాసు నీళ్లలో రాత్రంతా ఉంచితే తెలిసిపోతుంది, బురదయితే వదిలేయాలి. గ్రిట్‌ను కడిగి దుమ్ము పోగొట్టాలి. దాని మీద వెనిగర్ చుక్క వేస్తే నురగొస్తే అది సున్నపురాయి. అసలే ఈ ప్రాంతం కుళాయి నీటిలో సున్నం ఎక్కువ, దాని మీద ఇది కూడా తోడైతే మట్టి క్షారం వైపు పోతుంది. అందుకే డ్రమ్ములో పట్టిన వాననీరే వాడతారు. ఇల్లు కట్టడానికి వాడే సన్న ఇసుక అసలు వద్దు, రంధ్రాలు పూడుస్తుంది.

పైన 1 సెం.మీ. గ్రిట్ పరవడం అందరూ చేసేదే. మొక్క మెడ పొడిగా ఉంటుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ పొర కింది తడి ఆరడాన్ని కొంత ఆపుతుంది, కంటికి కనపడనివ్వదు కూడా. పైన పొడిగా ఉందని నీళ్లు పోయడం అందుకే పనికిరాదు. కాటా లేకపోతే సన్నటి వెదురు పుల్లను కుండీ అంచు వెంబడి అడుగుదాకా గుచ్చి పది నిమిషాలు ఉంచి తీసి చూడాలి.

సెప్టెంబరు ఎండ

జులై మధ్యలో గాజుకు పూసిన తెల్లటి నీడరంగును తుడిచేశారు. అది సరైన నిర్ణయమే. ఆ మబ్బులో నీడ కూడా వేస్తే మొక్కలు వెలుతురు కోసం సాగి తెల్లబడతాయి. అయితే ఏడెనిమిది వారాలు మబ్బు కింద పెరిగిన కొత్త కండ లేతగా ఉంది. సెప్టెంబరు 4 మధ్యాహ్నం 2 గంటలకు లోపలి థర్మామీటరు 44 చూపింది.

జూన్‌లో అంతకంటే బలమైన ఎండలోనూ ఈ మొక్కలకు ఏమీ కాలేదు. తేడా సూర్యుడి ఎత్తులోనూ ఉంది. రెడింగ్ అక్షాంశంలో జూన్ చివర మిట్టమధ్యాహ్నం సూర్యుడు 62 డిగ్రీల ఎత్తున ఉంటాడు. సెప్టెంబరు మొదటి వారంలో 45 దగ్గరే. అంటే ఎండ పైకప్పు గుండా కాక దక్షిణపు గోడ గాజు గుండా పక్కనుంచి వచ్చి, ముందు వరస కుండీల ముఖాన కొడుతుంది. పైకప్పు మీద నీడ వేసినా ఈ ఎండకు అడ్డం కాదు. దెబ్బతిన్న పదకొండూ ముందు వరసవే: ఏడు మామిల్లేరియాలు, నాలుగు జిమ్నోకాలిసియంలు. మచ్చలన్నీ నైరుతి ముఖానే. మధ్యాహ్నం తర్వాతి ఎండ, రోజులోకెల్లా ఎక్కువ వేడి ఆ వైపే కలుస్తాయి.

ఎండదెబ్బను ఎర్రనల్లి దెబ్బగా పొరబడడం తరచూ జరుగుతుంది. ఎండదెబ్బ ఒక పక్కకే పడుతుంది, ఒకటి రెండు రోజుల్లో పాలిపోయి తర్వాత గట్టి గోధుమరంగు పెచ్చులా మారి అక్కడితో ఆగుతుంది. ఎర్రనల్లి తల దగ్గర లేతభాగం నుంచి మొదలై చుట్టూ తుప్పు రంగులో పాకుతుంది, భూతద్దంతో చూస్తే సన్నటి బూజు దారాలు కనిపిస్తాయి. మొదలు నుంచి మెల్లగా పైకొచ్చే బెరడు లాంటి రంగు వయసు లక్షణం, దానికి మందు అక్కర్లేదు. ఎండ మచ్చ మాత్రం పోదు. కొత్త కండ పైన పెరిగి అది కిందికి జరగడానికి ఏళ్లు పడుతుంది.

5వ తేదీ ఉదయం దక్షిణపు గాజుకు లోపలి వైపు తెల్లటి ఫ్లీస్ గుడ్డను క్లిప్పులతో బిగించారు. చదరపు మీటరుకు 17 గ్రాముల పలుచటి రకం చాలు. తలుపు పూర్తిగా తెరిచి, గాజుకు ఆనుకున్న కుండీలను 10 సెం.మీ. లోపలికి జరిపారు. ఆ తర్వాత కొత్త మచ్చ ఒక్కటీ పడలేదు. ఈ పరిమాణపు గ్రీన్‌హౌస్‌కు ఒక్క పైకిటికీ అసలు సరిపోదు. తెరుచుకునే భాగం నేల వైశాల్యంలో ఐదో వంతు ఉండాలని లెక్క. 48 చదరపు అడుగులకు దాదాపు 10. ఇక్కడ ఉన్నది 4.

ఈ ఏడు రోజుల ఎండ ఒక వరం కూడా. వెచ్చటి రాత్రులు, పొడి గాలి: ఆ ఏడాది చివరి నీళ్లకు ఇంతకంటే మంచి అదను దొరకదు. 4వ తేదీ సాయంత్రం అన్నిటికీ నీళ్లు పోశారు, సగం మోతాదు టమాటా ఎరువుతో. మామూలుగా బ్రిటన్‌లో కాక్టస్‌కు ఉదయమే నీళ్లు. వడగాలి రోజుల్లో మాత్రం సాయంత్రం మేలు, వేరుకు కాగిన నీరు తగలదు, రాత్రంతా తాగడానికి వీలుంటుంది. 12వ తేదీకి గుర్తు కుండీలన్నీ ఆరాయి. అయితే ఎండ చూసి ఆశపడి పై అరలో ఇరవై కుండీలకు 10వ తేదీన మళ్లీ పోశారు. ఆ వెంటనే చల్లబడింది. అక్టోబరు మొదట్లో అవి ఇంకా ఆరిన బరువు కంటే 50, 60 గ్రాములు ఎక్కువే తూగాయి. కుళ్లలేదు గానీ, వాటిని ఇంట్లో కిటికీ దగ్గరికి మోసి ఆరబెట్టాల్సి వచ్చింది.

సక్యులెంట్లు

అన్నిటినీ కాక్టస్‌లా చూడకూడదు. కోనోఫైటం జులై చివర నిద్రలేస్తుంది, ఆ ముసురు దానికి ఏ హానీ చేయలేదు. లిథాప్స్‌కు నడివేసవిలో నీళ్లు ఆపి ఆగస్టు మధ్య నుంచి ఇస్తే సెప్టెంబరు, అక్టోబరుల్లో పూస్తుంది. ఇక్కడ అలాగే పూసింది. బయట పెట్టిన ఎయోనియం, సెంపర్వివం జులై వానకు పండగ చేసుకున్నాయి. బయటి ఎకివేరియాలకు మాత్రం ఆకుల మీది బూడిద పూత కడుక్కుపోయింది, రెండింటిని నత్తలు కొరికాయి, ఒకటి ఉన్నట్టుండి చేతిలోకి ఊడివచ్చింది. మట్టిలో తెల్లటి, గోధుమరంగు తల ఉన్న పురుగులు, వైన్ వీవిల్ పిల్లలు. వేళ్లన్నీ తినేశాయి. సెప్టెంబరులో నెమటోడ్లు (ఆ పురుగులను చంపే, కంటికి కనపడని సన్నటి నులిపురుగులు) కలిపిన నీళ్లు పోయడమే దీనికి పని. పిండినల్లికి స్పిరిట్‌లో ముంచిన కుంచె చాలు. వేపనూనె అలవాటున్నవాళ్లు పూత ఉన్న సక్యులెంట్ల మీద వాడొద్దు, పూత పోతుంది, ఎండకు మాడుతుంది.

తెలుగు ఇళ్లలో ఎక్కువగా ఉండే ఎడారి గులాబీ, అంటే అడీనియం, ఈ గ్రీన్‌హౌస్‌లో జులై 10కల్లా ఆకులు పసుపు చేసుకుంది. రాత్రి 15 డిగ్రీల కంటే తగ్గితే దానికి నచ్చదు. ఇంట్లో దక్షిణపు కిటికీలోకి మార్చాక తేరుకుంది. బ్రిటన్‌లో దానికి గ్రీన్‌హౌస్ కంటే వంటింటి కిటికీయే చోటు.

2024లో

తర్వాతి వేసవి యూకేలో 2015 తర్వాత అంత చల్లనిది. అదే గ్రీన్‌హౌస్, అవే మొక్కలు. ప్రతి శనివారం నాలుగు గుర్తు కుండీలను తూచారు. నాలుగూ ఆరి, రాబోయే ఐదారు రోజుల సూచనలో కనీసం మూడు పొడి రోజులు ఉంటేనే నీళ్లు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా తొమ్మిదిసార్లే పోశారు. అంతకుముందు ఏడాది పదహారు. రెబ్యూషియాల పూలు కాస్త తగ్గాయి, కుళ్లు ఒక్కటీ లేదు. మైనపు ఓపెనర్‌ను 20 దగ్గర కాక 24 దగ్గర తెరుచుకునేలా తిప్పారు, కింది గోడలో చిల్లుల కిటికీ ఒకటి అదనంగా పెట్టారు. పైకిటికీ కింద మాత్రం జల్లు ఇంకా పడుతూనే ఉంది. ఆ చోట ఇప్పుడు సెంపర్వివం ట్రే ఉంది.